ఎక్కితే ఆయాసం... దిగితే అసలు కథ!

పెనుకొండ కోట ఎక్కి దిగినవాళ్లను ఆ సాయంత్రమే పలకరించి చూడండి. మహా హుషారుగా ఉంటారు. పైన గాలి ఎంత బాగుందో చెబుతారు. గండశిలల మీద నిలబడి తీయించుకున్న ఫొటోలు చూపిస్తారు. మర్నాడు పొద్దున తొడలు కాస్త బిగదీసినట్టున్నాయంటారు. ఆ మర్నాడు మొదలవుతుంది అసలు బాధ. కుర్చీలో కూర్చోవాలంటే చేతులు ఆనించాలి. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి. ఇంట్లో పిల్లలు నవ్వుతుంటే, అంత కొండ ఎక్కితే నొప్పులు రావా మరి అని సమర్థించుకుంటారు.

నిజానికి ఎక్కడానికి ఈ నొప్పితో పెద్దగా సంబంధం లేదు. ఇదంతా దిగడం చేసిన నిర్వాకం!

ఎక్కేటప్పుడు రొప్పుతాం. చెమటలు కక్కుతాం. నాలుగు చోట్ల కూలబడతాం. దిగేటప్పుడు కబుర్లు చెప్పుకుంటూ వచ్చేస్తాం. అయినా కండరం దెబ్బతినేది దిగేటప్పుడే. ఎందుకంటే కాళ్లు చేసే పని గురించి మనకున్న ఊహే సగం తప్పు. శరీరాన్ని ముందుకు నెట్టడమే కాళ్ల పని అనుకుంటాం. నెట్టడం కొంతే. పడిపోకుండా పట్టుకోవడం, ఊపును అదుపు చేయడం అంతకన్నా పెద్ద పని.

ఇది కళ్లారా చూడాలంటే బెంగళూరు నుంచి గుంతకల్లు వెళ్లే రైలు మార్గంలో మూడు ఊళ్లు దిగితే చాలు. మొదట హిందూపురం, తర్వాత పెనుకొండ, ఆ పైన ధర్మవరం. మూడూ కలిపి ఎనభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఒకప్పుడు అనంతపురం జిల్లాలోవి. 2022 ఏప్రిల్ నుంచి శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. మొదటి ఊళ్లో మనుషులు బరువు మోస్తూ నడుస్తారు. రెండో ఊళ్లో కొండెక్కుతారు. మూడో ఊళ్లో కూర్చున్న చోటి నుంచి కదలకుండా రోజంతా కాళ్లతో పనిచేస్తారు.

బస్తా కింద అడుగులు

హిందూపురం కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు. బజారులో సగం బేరాలు తెలుగులో మొదలై కన్నడంలో ముగుస్తాయి. గుత్తిని ఏలిన మరాఠా సర్దారు మురారిరావు తన తండ్రి హిందూరావు పేరు మీద దీన్ని కట్టించాడని చెబుతారు. ఇప్పుడు ఊరికి పేరు తెచ్చింది మాత్రం చింతపండు. ఎండలు మొదలైతే చాలు, మార్కెట్ యార్డు చింతపండుతో నిండిపోతుంది. పట్టుగూళ్ల మార్కెట్టూ ఇక్కడ పెద్దదే. దగ్గర్లోని కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ కూడా ఉంది.

యార్డులో కాసేపు నిలబడితే హమాలీల నడక గమనించవచ్చు. బస్తా వీపు మీద పడగానే మనిషి తీరే మారిపోతుంది. మోకాళ్లు కొంచెం వంగుతాయి. అడుగులు పొట్టివైపోతాయి. పాదం మొత్తం ఒకేసారి నేల మీద పడుతుంది. నడకా కాదు, పరుగూ కాదు. "జరుగన్నా... జరుగు..." అంటూ లారీ దాకా అలా దూసుకుపోతారు. మళ్లీ ఖాళీ భుజాలతో తిరిగొచ్చేటప్పుడు అందరిలాగే నడుస్తారు.

అందరూ నడిచే నడక ఏమిటో చెప్పుకుంటే గానీ హమాలీ తెలివి అర్థం కాదు.

నడక అంటే ఒకరకంగా ముందుకు పడబోవడం. ఒంటికాలి మీద నిలబడి ఒళ్లు ముందుకు వాలుతుంది. పడిపోయే లోపు రెండో కాలు వెళ్లి ఆసరా ఇస్తుంది. అంతే, మళ్లీ ఇంకో వాలు. నేల మీద ఉన్న కాలు తలకిందులైన లోలకంలా పనిచేస్తుంది. పాదం నేలకు ఆని ఉంటుంది, దాని మీదుగా ఒళ్లు ఒక వంపులో సాగిపోతుంది. ఆ వంపు పైకి వెళ్లేటప్పుడు వేగం తగ్గి ఎత్తు పెరుగుతుంది. కిందికి వచ్చేటప్పుడు ఎత్తు తగ్గి వేగం వస్తుంది. ఇలా ఒకదాన్నొకటి అప్పు తీర్చుకోవడం వల్ల మామూలు వేగంతో నడిచే మనిషికి ఆ ఊపులో మూడింట రెండొంతుల దాకా శక్తి తిరిగి దక్కుతుంది. గంటకు నాలుగైదు కిలోమీటర్ల వేగంలో నడక చవగ్గా ఉండటానికి ఇదే కారణం. కాలిని లోలకంతో పోల్చడం కొత్తదేమీ కాదు. జర్మనీకి చెందిన వెబర్ సోదరులు 1836లోనే నడక మీద రాసిన పుస్తకంలో, గాల్లో ఊగే కాలు లోలకంలా కదులుతుందన్నారు.

ఇందులో కండరాల వాటా ఎంత? మడమ నేలకు తగిలిన క్షణం నుంచి చూద్దాం. మడమ తగలగానే పాదం ముందు భాగం తప్‌మని పడిపోవాలి. పడదు. మోకాలి కింద ముందువైపు, ఎముకను ఆనుకుని ఉన్న కండరం దాన్ని పట్టుకుని మెల్లగా దించుతుంది. అదే సమయంలో ఒంటి బరువంతా ఆ కాలి మీదకు వస్తుంది కాబట్టి మోకాలు కొంచెం వంగుతుంది. పూర్తిగా కుంగిపోకుండా తొడ ముందువైపు కండరాలు ఆపుతాయి. ఆ తర్వాత తొడకు కాసేపు సెలవు. కాలు నిటారుగా నిలిస్తే ఎముక మీద ఎముక నిలిచినట్టే, పెద్దగా శ్రమ ఉండదు. అప్పుడు పిక్క రంగంలోకి దిగుతుంది. మోకాలి కింది ఎముక పాదం మీదుగా ముందుకు మరీ వాలిపోకుండా వెనక నుంచి లాగి పట్టుకుంటుంది. పిక్కను మడమకు కట్టేసిన లావాటి తాడు ఉంటుంది. అకిలిస్ టెండాన్ అంటారు. లాగి పట్టుకునేటప్పుడు అది రబ్బరులా సాగుతుంది, మడమ లేచే క్షణంలో వెనక్కి ముడుచుకుంటూ కాలిని తోస్తుంది. నడకలో అసలు 'నెట్టడం' ఏదైనా ఉందంటే ముఖ్యంగా ఇక్కడే. అందులోనూ కొంత భాగం అంతకు ముందు దాచుకున్న శక్తే.

ముందువైపు కండరం విలువ తెలియాలంటే అది పనిచేయనివాళ్లను చూడాలి. వేరుశనగ చేలల్లో కలుపు తీస్తూ గంటల తరబడి గొంతుక్కూర్చున్నవాళ్లకు ఒక్కోసారి మోకాలి పక్కనున్న నరం నొక్కుకుపోతుంది. లేచి నడవబోతే పాదం పైకి లేవదు, తప్ తప్ మని నేలను కొడుతుంది. చాలామందిలో కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గుతుంది. మొద్దుబారిందిలే అని వదిలేయకుండా డాక్టరుకు చూపించుకోవాలి. కుష్ఠు, మధుమేహం లాంటి జబ్బుల్లో కూడా పాదం ఇలా వేలాడే అవకాశం ఉంది మరి.

ఇప్పుడు హమాలీ దగ్గరికి వద్దాం. మామూలుగా నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ ఒళ్లు నాలుగైదు సెంటీమీటర్లు లేచి దిగుతుంది. వీపు మీద యాభై కిలోల బస్తా ఉంటే ఆ బస్తా కూడా లేచి దిగాలి కదా! మోకాళ్లు వంచి, అడుగు కుదించి నడిస్తే ఆ ఎగుడుదిగుడు తగ్గుతుంది. బస్తా కుదుపుకు గురికాదు, నడుం మీద దెబ్బ పడదు. కానీ దీనికి వెల ఉంది. వంగిన మోకాలిని పట్టుకుని ఉండటానికి తొడలు ఒక్క క్షణం కూడా సెలవు లేకుండా పనిచేయాలి. అందుకే ఆ నడక యార్డు నుంచి లారీ దాకా బాగుంటుంది. నాలుగు మైళ్లు నడవమంటే ఏ హమాలీ అలా నడవడు.

దూరం నడిచే మోతగాళ్ల పద్ధతి వేరు. కెన్యాలో తల మీద బరువులు మోసే మహిళల శ్వాసను కొలిచి 1986లో శాస్త్రవేత్తలు ఒక చిత్రమైన సంగతి చెప్పారు. తమ బరువులో అయిదో వంతు దాకా తల మీద పెట్టుకున్నా వాళ్లకు అదనంగా ఖర్చయ్యే శక్తి దాదాపు ఏమీ లేదట! లోలకం ఊపును వాళ్లు మనకన్నా బాగా వాడుకుంటున్నారని తర్వాతి పరిశోధనల్లో తేలింది. చిన్నప్పటి నుంచీ అలవాటైన నడక అది. బిందె మీద బిందె పెట్టుకుని మైలు దూరం నుంచి నీళ్లు తెచ్చిన సీమ ఆడవాళ్లను ఎవరైనా కొలిచి ఉంటే ఏం తేలేదో!

వేలాడే స్తంభం

హిందూపురం దాకా వచ్చి లేపాక్షి చూడకుండా వెళ్లేవాళ్లు తక్కువ. పట్టుమని పదిహేను కిలోమీటర్లు. పెనుకొండ సీమలో విజయనగర రాజుల కొలువు చేసిన విరుపణ్ణ, అచ్యుతరాయల కాలంలో ఇక్కడ వీరభద్రాలయం కట్టించాడు. ఊరి మొదట్లోనే ఏకశిలా నంది. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. గుళ్లో పైకప్పు నిండా బొమ్మలు. ఆ బొమ్మల్లోని ఆడవాళ్లు కట్టిన చీరల అంచులే ధర్మవరం నేతకు మూలమని అంటారు. బయట ఆవరణలో రాతి మీద పెద్ద పాదం గుర్తు. అందులో ఎప్పుడూ నీరు ఊరుతూ ఉంటుంది. సీతమ్మ పాదమని భక్తులు దణ్నం పెట్టుకుంటారు.

ఎక్కువమంది గుమిగూడేది మాత్రం వేలాడే స్తంభం దగ్గర. కింద ఒక మూల తప్ప అది నేలకు ఆనదు. తువ్వాలు ఒకవైపు దూర్చి రెండోవైపు లాగి, నిజమేనని తేల్చుకుని మురిసిపోతారు.

అలా మురిసిపోతున్న ప్రతి మనిషికీ అలాంటి స్తంభం ఒకటి ఉంది. ఒక కాలిని తీసుకుని లెక్కిస్తే, నడకలో అది నూటికి అరవై పాళ్ల సమయం నేల మీద ఉంటుంది, నలభై పాళ్లు గాల్లో వేలాడుతుంది. రెండు పాదాలూ ఒకేసారి నేలను తాకేది కొద్దిపాటి సమయమే. వేలాడే కాలికి పెద్ద శ్రమ లేదు. తుంటి ముందు కండరాలు మొదట ఒక్క తోపు తోస్తే చాలు, మోకాలు దానంతటదే వంగి కాలు ఊయలలా ముందుకు వస్తుంది. చివర్లో తొడ వెనక కండరాలు ఆ ఊపును ఆపుతాయి. ఇక్కడా ఆపడమే!

కష్టమంతా రెండో కాలిది. ఒక కాలు గాల్లో ఉన్నప్పుడు కటి ఆ పక్కకు ఒరిగిపోవాలి. ఒరగకుండా పట్టుకునేది నేల మీదున్న కాలి వైపు, తుంటి పక్కన ఉండే కండరం. చెయ్యి నడుం మీద పెట్టుకుని, కాస్త కిందికి జరిపి, ఒంటికాలి మీద నిలబడితే అది బిగుసుకోవడం వేళ్లకు తెలుస్తుంది. ఆ కండరం లాగే లాగుడు, ఒంటి బరువు రెండూ కలిసి మామూలు నడకలోనే తుంటి కీలు మీద మనిషి బరువుకు రెండున్నర రెట్ల దాకా ఒత్తిడి పడుతుంది. కండరం బలహీనపడితే అడుగడుక్కీ నడుం పక్కకు వాలుతుంది. జర్మన్ సర్జన్ ట్రెండెలెన్‌బర్గ్ 1895లో వివరించిన ఈ లక్షణాన్ని ఎముకల డాక్టర్లు ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

దీంట్లో ఇంటికి పనికొచ్చే మాట ఒకటుంది. తుంటి నొప్పి ఉన్న పెద్దవాళ్లు చాలామంది నొప్పి ఉన్న వైపే కర్ర పట్టుకుంటారు. అది తప్పు. కుడి తుంటి నొప్పిగా ఉంటే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. కుడికాలి మీద నిలబడ్డప్పుడు ఒరిగిపోయేది ఎడమవైపు కాబట్టి అక్కడ ఆసరా దొరికితే కుడి తుంటి కండరానికి పని తగ్గుతుంది. సంచి మోయాల్సి వస్తే మాత్రం నొప్పి ఉన్న వైపు చేత్తోనే మోయాలి. సంతకు వెళ్లి రెండు చేతులా సమానంగా సంచులు తెచ్చుకునే ముసలమ్మకు ఈ సూత్రం ఎవరూ చెప్పక్కర్లేదు.

ఘనగిరి మీద

హిందూపురం దాటి రైలు ఉత్తరానికి సాగితే కాసేపటికి కొండలు మొదలవుతాయి. వాటిలో పెద్దది పెనుకొండ. పేరులోనే ఉంది. శాసనాల్లో ఘనగిరి. బుక్కరాయల కాలం నుంచి విజయనగరానికి ముఖ్యమైన దుర్గం. ఏడాదికి ఎన్ని రోజులో ఇక్కడ అన్ని గుళ్లుండేవని ఊళ్లో చెప్పుకుంటారు. కింద గగన్ మహల్, బాబయ్య దర్గా, జైనుల పార్శ్వనాథాలయం, జంటగా రామేశ్వరాలయాలు. పైన బురుజులు, కూలిన గోడలు, నరసింహస్వామి గుడి.

1565లో తళ్లికోట యుద్ధం ఓడిపోయాక తిరుమలరాయలు హంపీ వదిలి రాజధానిని ఇక్కడికి మార్చాడు. ఖజానాను ఏనుగుల మీద వేసుకొచ్చారని చరిత్రకారులు రాశారు. ఏనుగులు, గుర్రాలు, పల్లకీలు కొందరికే. మిగతావాళ్లకు కాళ్లే. హంపీ నుంచి పెనుకొండ దారి రెండు వందల కిలోమీటర్లు అనుకుంటే, అడుగుకు డెబ్బై సెంటీమీటర్ల చొప్పున ఒక్కో మనిషి రెండు లక్షల ఎనభై వేల అడుగులు వేసి ఉండాలి. పిల్లలైతే ఇంకా ఎక్కువ. తర్వాత వెంకటపతిరాయల కాలంలో రాజధాని చంద్రగిరికి తరలింది. మళ్లీ నడక!

ఇక కొండెక్కుదాం. చదునులో ఆడిన లోలకం ఆట ఇక్కడ చెల్లదు. ప్రతి అడుగుకూ ఒంటి బరువును నిజంగానే పైకి ఎత్తాలి. పిరుదుల పెద్ద కండరాలు, తొడలు, పిక్కలు బలంగా కుదించుకుంటాయి. చదును నేల మీద దాదాపు ఊరికే ఉండే పిరుదు కండరానికి చేతినిండా పని దొరుకుతుంది. కుదించుకుంటూ చేసే పనికి ఆక్సిజన్ బాగా కావాలి. అందుకే ఆయాసం. గుండె కొట్టుకునే వేగం పెరుగుతుంది. కానీ కండరానికి జరిగే హాని తక్కువ.

దిగేటప్పుడు బరువు తనంతట తానే కిందికి పోతుంది. దాన్ని ఆపుతూ దించాలి. మోకాలు వంగుతుంటే తొడ ముందు కండరం దాన్ని పట్టి లాగుతూ ఉంటుంది. లాగుతూనే సాగుతుంది. లారీ మీంచి బరువైన పెట్టెను తాడు కట్టి మెల్లగా దించుతారు చూడండి, తాడు చేతుల్లోంచి జారుతూనే ఉంటుంది, పట్టు మాత్రం వదలరు. అరచేతులు మండిపోతాయి. కండరం లోపలా జరిగేది దాదాపు అదే. సాగుతూ పనిచేసే కండరానికి ఒక తమాషా గుణం ఉంది. అదే బరువుకు తక్కువ పోగుల్ని పనిలోకి దింపుతుంది, తక్కువ ఆక్సిజన్ వాడుతుంది. ఆయాసం ఉండదు. కానీ బరువంతా ఆ కొద్ది పోగుల మీదే పడి, అలవాటు లేకపోతే వాటిలో కంటికి కనిపించని చిరుగులు పడతాయి. చిరుగుల చుట్టూ వాపు రావడానికి సమయం పడుతుంది కాబట్టి నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయిందని వ్యాయామశాలల్లో ఇప్పటికీ చెబుతుంటారు గానీ అది గంటా రెండు గంటల్లో రక్తంలోంచి వెళ్లిపోతుంది. రెండ్రోజుల తర్వాత వచ్చే నొప్పికి దాన్ని తిట్టి లాభం లేదు.

ఎక్కడం, దిగడం మధ్య ఈ తేడాను 1952లో ఇంగ్లండులో అబాట్, బిగ్‌లాండ్, రిచీ అనే ముగ్గురు పరిశోధకులు భలేగా చూపించారు. రెండు సైకిళ్లను వీపుకు వీపు ఆనించి ఒకే గొలుసుతో కలిపారు. ఒకరు ముందుకు తొక్కుతారు. రెండోవారు ఆ పెడళ్లు తిరగకుండా ఎదురొత్తుతూ ఉంటారు. ఇద్దరి కాళ్ల మీదా ఒకే బలం, ఒకే వేగం. కానీ తొక్కే మనిషి రొప్పుతుంటే ఆపే మనిషి నింపాదిగా ఉన్నాడు! నిదానంగా తొక్కినప్పుడే ఆక్సిజన్ వాడకంలో రెండు రెట్లకు పైగా తేడా. వేగం పెంచేకొద్దీ అది ఇంకా పెరిగింది. ఇటలీకి చెందిన మార్గారియా అంతకు ముందే, 1938లో, అన్నింటికన్నా చవకైన నడక చదును నేల మీద కాదని, సుమారు నూటికి పది వంతుల వాలు దిగేటప్పుడని లెక్కగట్టాడు. వాలు అంతకు మించితే దిగడమూ ఖరీదే. పెనుకొండ వాలు చాలా చోట్ల అంతకు మించినదే.

మరి పెనుకొండలోనే ఉంటూ పైకి మేకల్ని తోలుకెళ్లేవాళ్లకు, గుడికి వెళ్లొచ్చేవాళ్లకు ఈ నొప్పులెందుకు రావు? ఒకసారి చిరిగి మానిన కండరం మళ్లీ అదే పనికి అంత తేలిగ్గా చిరగదు. ఒక్కసారి దిగితే ఆ రక్షణ కొన్ని వారాల దాకా ఉంటుంది. అంటే పెద్ద కొండ ఎక్కాలనుకునేవాళ్లు రెండు వారాల ముందు ఏ చిన్న గుట్టనో ఎక్కి దిగినా చాలు. అదీ కుదరకపోతే మేడ మెట్లు దిగడం అలవాటు చేసుకోవచ్చు. దిగేటప్పుడు పొట్టి అడుగులు వేయాలి. నిట్టనిలువుగా కాకుండా అటూ ఇటూ ఏటవాలుగా రావాలి. పరిగెత్తుకుంటూ దిగడం కుర్రాళ్లకు సరదా గానీ మోకాలి చిప్ప వెనక పడే ఒత్తిడి సరదా కాదు. మోకాలి అరుగుదల ఉన్నవాళ్లు గగన్ మహల్ చూసుకుని, కింది నుంచే నరసింహస్వామికి దణ్నం పెట్టుకుంటే స్వామి ఏమీ అనుకోడు.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. షిఫ్టు మారే వేళ రోడ్డు మీద బస్సులే బస్సులు. రాజధాని మొత్తం నడిచొచ్చిన ఊళ్లో ఇప్పుడు ఫర్లాంగు దూరానికి ఆటో!

గుంటలో కాళ్లు

ధర్మవరం స్టేషన్‌లో దిగితే ప్లాట్‌ఫాం మీదే పట్టు వాసన తగులుతుందని అతిశయంగా చెప్పేవాళ్లున్నారు. చిత్రావతి ఒడ్డున ఉన్న ఈ ఊరికి పట్టుచీరే పేరు, పట్టుచీరే బువ్వ. వీధుల్లో నడుస్తుంటే తలుపుల వెనక నుంచి టకటకమని మగ్గాల చప్పుడు. ఇల్లే కార్ఖానా. ముందు గదిలో నేలలో గుంట, గుంట అంచున నేతన్న, గుంటలో ఆయన కాళ్లు.

కాళ్ల పని ఏమిటంటే, గుంటలో ఉన్న చెక్కను తొక్కితే పడుగు పోగులు కొన్ని పైకి లేస్తాయి. ఆ సందులోంచి నాడె దూసుకుపోతుంది. పన్నెతో ఒక దెబ్బ. ఒక పేక పడినట్టు. మళ్లీ తొక్కుడు. ఆరు మీటర్ల చీరలో అంగుళానికి యాభై పేకలే అనుకున్నా సుమారు పన్నెండు వేల తొక్కులు. అన్ని అడుగులు నడిస్తే ఎనిమిది కిలోమీటర్లు పోవచ్చు. అంచుల్లో, కొంగులో బుటాలకు జకార్డ్ ఎత్తాల్సి వచ్చినప్పుడు చెక్క మరీ బరువు. ఒకే చెక్క తొక్కే మగ్గమైతే ఆ బరువంతా ఎప్పుడూ ఒకే కాలిది.

ఇన్ని తొక్కులు తొక్కే కాలు ఉక్కులా ఉండాలి కదా? సాయంత్రం మగ్గం దిగే నేతన్నను చూస్తే అలా అనిపించదు. మోకాళ్లు పట్టుకుని లేస్తాడు. నడుం సర్దుకుంటాడు.

నడకకూ తొక్కుడుకూ పోలిక పైపైనే. నడకలో కాలి మీద ఒంటి బరువు పడుతుంది. తొక్కుడులో పడదు, ఆ బరువంతా పిరుదుల మీద, నడుం మీద ఉంటుంది. బరువు మోస్తేనే ఎముక గట్టిగా ఉంటుంది. నడకలో తుంటి పక్క కండరం అడుగడుక్కీ బిగుస్తుంది. కూర్చున్నవాడికి దానితో పనే లేదు, ఏళ్ల తరబడి అది నిద్రపోతుంది. తుంటి ముందు కండరాలు వంగిన భంగిమలోనే ఉండి ఉండి బిగుసుకుపోతాయి. నిటారుగా నిలబడబోతే నడుమును ముందుకు లాగుతాయి. మోకాలు పూర్తిగా చాచుకునే అవకాశమే రాదు. తొడ వెనక భాగం గుంట అంచుకు ఒత్తుకుంటుంది.

పిక్క సంగతి మరీ ముఖ్యం. పాదాల దాకా వెళ్లిన రక్తం మళ్లీ గుండెకు చేరాలంటే పైకి ఎక్కాలి. పిక్క బిగుసుకున్నప్పుడల్లా లోపలి సిరల్ని పిండుతుంది, రక్తం పైకి పోతుంది, సిరల్లోని కవాటాలు దాన్ని వెనక్కి రానివ్వవు. అందుకే పిక్కను రెండో గుండె అంటారు. నడిచేవాళ్లకు నిమిషానికి వంద అడుగులు, అంటే ఒక్కో పిక్కకు యాభై పిండుళ్లు. గుంటలో తొక్కే కాలికి కొంత పని దొరుకుతుంది. ఊరికే వేలాడే రెండో కాలికి అదీ ఉండదు. సాయంత్రానికి పాదం ఉబ్బితే ఆశ్చర్యం లేదు.

నేత పని ఎప్పుడూ ఇలా లేదు. ఒకప్పుడు పడుగును వీధి పొడవునా పరిచి సరిచేసేవారు. పొద్దున్నే ఇంటిల్లిపాదీ ఆ చివరి నుంచి ఈ చివరికి ఎన్నిసార్లు తిరిగేవారో లెక్కలేదు. డ్రమ్ములు, వార్పింగ్ యంత్రాలు వచ్చాక ఆ నడక పోయింది. శ్రమ తగ్గింది, మంచిదే. కానీ పనిలో మిగిలింది గుంట ఒక్కటే. పనిచోటు ఇల్లే కాబట్టి పనికి నడిచి వెళ్లడమనేదీ లేదు.

నేతలో ఒంటి నొప్పికి యంత్రంతో మందు వేసినవాళ్లు లేకపోలేదు. ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి ఆసు పోస్తూ పడే భుజాల నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. కాళ్లకు కూడా అలాంటి ఉపాయం ఉంది. జకార్డ్‌ను ఎత్తే పనిని చిన్న మోటారుకు అప్పగించడం. చేనేత ఊళ్లలో కొన్ని ఇళ్లకు ఇది చేరింది. మోకాళ్లకు నిజంగా ఊరట.

పేచీ అక్కడే మొదలవుతుంది. చేనేతకు కొన్ని రకాల బట్టలు కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చింది. మరమగ్గం కానిదే చేనేత మగ్గమని దాని అర్థం. మగ్గంలో ఒక పని చేత్తో చేసి మిగతాది కరెంటుకు వదిలినా చేనేతే అనాలని పదేళ్ల కిందట ఢిల్లీలో ఒక ప్రతిపాదన వస్తే నేత సంఘాలు భయపడి ఎదిరించాయి. ఆ సందులోంచి మరమగ్గాలు దూరుతాయన్న భయం వాళ్లది. మరమగ్గం చీరలు చేనేత పేరుతో సగం ధరకు బజారులో కనిపిస్తున్నప్పుడు ఆ భయాన్ని తప్పుపట్టలేం. కానీ మోకాలు అరిగిన యాభై ఏళ్ల మనిషికి తొక్కుడు బరువు తగ్గించడాన్ని మోసమనీ అనలేం. నేసేది ఆయన చేతులు, కళ్లు. చీర గుణం కాలి నొప్పిలో లేదు. నొప్పి భరించేవాళ్లు మానేస్తే మగ్గం ఎక్కే కుర్రాళ్లు లేరు. వాళ్లు బెంగళూరు బస్సో, కియా బస్సో ఎక్కేస్తున్నారు.

మోటారు ఉన్నా లేకపోయినా గుంటలో కూర్చునేవాళ్లు చేసుకోగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. గంటకోసారి లేచి నిలబడాలి. మగ్గం దూలం పట్టుకుని మడమలు పైకెత్తి మునివేళ్ల మీద ఇరవైసార్లు లేవాలి. పిక్కలకు ఇంతకన్నా మంచి పని లేదు. ఒంటికాలి మీద అర నిమిషం చొప్పున నిలబడితే తుంటి పక్క కండరం మేలుకుంటుంది. చీకటి పడేలోగా అరగంట నడక. రోజంతా తొక్కిన కాళ్లకు సాయంత్రం విశ్రాంతి ఇవ్వాలనుకోవడం సహజమే. ఆ కాళ్లకు దొరకనిది విశ్రాంతి కాదు, ఒంటి బరువు.

చీర పూర్తయిన రోజు దాన్ని మడిచి షావుకారు దుకాణానికి చేర్చాలి. ఇప్పుడు ఎక్కువమంది బండి మీదే వెళ్తున్నారు. మడత చంకన పెట్టుకుని నడిచి వెళ్లే పెద్దవాళ్లూ కొందరున్నారు. గడప దాటిన తర్వాత మొదటి పదీ ఇరవై అడుగులు కాస్త కుంటుతారు. కదలక కదలక కీళ్లు బిగుసుకుని ఉంటాయి కాబట్టి అలా ఉంటుంది. వీధి మలుపు తిరిగేసరికి నడక సర్దుకుంటుంది.